అయిదు తెగల అడవి... కోరింగ!

చేప గట్టెక్కి గెంతుతుంది. పిల్లి నీళ్లలో మునిగి వేటాడుతుంది. జీవితమంతా సముద్రంలోనే గడిపే తాబేలు గుడ్లు పెట్టడానికి మాత్రం ఒడ్డుకే వస్తుంది. బడిలో పిల్లలు బట్టీపట్టే 'వెన్నెముక ఉన్న జీవులు - అయిదు తరగతులు' పాఠం మొత్తం ఒకేచోట, ఒక్క ఆటుపోటు సమయంలో కళ్లముందు కదలాలంటే కాకినాడ పక్కనున్న కోరింగ మడ అడవికి వెళ్లాల్సిందే.

కాకినాడ నుంచి యానాం రోడ్డు పట్టుకుని వెళ్తే సుమారు 18 కిలోమీటర్లు. అమావాస్య స్నానాలకు పేరుపడ్డ చొల్లంగి అక్కడే తగులుతుంది. ఎడమచేతి వైపు పచ్చటి గోడ కట్టినట్టుగా అడవి మొదలవుతుంది. గోదారమ్మ సముద్రంలో కలిసేముందు పాయలు పాయలుగా చీలి, తాను మోసుకొచ్చిన ఒండ్రునంతా ఇక్కడ పరిచేసింది. ఆ ఒండ్రు మీద మొలిచిందే ఈ అడవి. 1978లో దీన్ని అభయారణ్యంగా ప్రకటించారు. విస్తీర్ణం 235.70 చదరపు కిలోమీటర్లు. నల్లమడ, తెల్లమడ, తిల్ల లాంటి చెట్లు ఉప్పునీళ్లలో మోకాలిలోతున నిలబడి ఉంటాయి. బురదలోంచి పెన్సిళ్లు గుచ్చినట్టు పైకి పొడుచుకొచ్చినవి వాటి శ్వాసవేళ్లు. బురదలో గాలి ఆడదు కాబట్టి వేళ్లే పైకి వచ్చి ఊపిరి పీల్చుకుంటాయి.

ఒకప్పుడు ఇక్కడ ఓడరేవు ఉండేది. కోరంగి రేవు నుంచి ఓడలెక్కి బర్మా వెళ్లిన తెలుగువాళ్లను అక్కడ 'కోరంగీలు' అనే పిలిచేవారు. 1789లోనూ, మళ్లీ 1839 నవంబరులోనూ వచ్చిన పెనుతుపాన్లు ఆ రేవును ఊడ్చేశాయి. ఇప్పుడు మిగిలింది నీళ్లు, బురద, చెట్లు... వాటి మధ్య బతకడం నేర్చుకున్న ప్రాణులు.

వెన్నులో ఎముక ఉందా?

అడవిలో వేసిన చెక్క వంతెన మీద నాలుగడుగులు వేయగానే కనిపించేవి పీతలు. ఒంటికంటే పెద్దదైన ఒక్క డెక్కను ఊపుతూ బొరియ దగ్గర కాపలా కాసే మగపీతల్ని చూసి పిల్లలు కేరింతలు కొడతారు. వేళ్లకు అంటుకుని నత్తలు, కాలువల్లో రొయ్యపిల్లలు. సంఖ్య లెక్కన చూస్తే అడవి వీటిదే. కానీ వీటిలో దేనికీ వెన్నెముక లేదు. సంతలో 'చేపలూ రొయ్యలూ' అని ఒకే నోటితో అంటాం గానీ, జీవశాస్త్రం దృష్టిలో రొయ్యకు చేప కంటే చీమే దగ్గరి చుట్టం! పీతకూ రొయ్యకూ ఒంటి బయట పెంకే ఆధారం. లోపల ఎముక ఉండదు.

వెన్నుపూసల దండ, దానిలోంచి వెళ్లే వెన్నుపాము, పైన మెదడును దాచుకున్న పుర్రె... ఈ మూడూ ఉన్నవే సకశేరుకాలు. భూమ్మీద ఇంతవరకూ పేరుపెట్టిన జంతుజాతుల్లో వీటి వాటా నూటికి అయిదు కూడా ఉండదు. అయినా మనం 'జంతువు' అనగానే తలచుకునేవన్నీ దాదాపు ఇవే. శాస్త్రవేత్తలు గుర్తించిన సకశేరుకాలు 70 వేల పైచిలుకు జాతులైతే అందులో సగం చేపలే. బడి పుస్తకం వీటిని అయిదుగా విడదీస్తుంది. చేపలు, ఉభయచరాలు, సరీసృపాలు, పక్షులు, క్షీరదాలు. కోరింగలో తిరిగితే తెలిసేదేమిటంటే, ఈ విభజన రూపాన్ని బట్టి చేసింది కాదు. నీళ్లతో వేగడానికి ఎవరు ఏ దారి ఎంచుకున్నారన్నదాన్ని బట్టి చేసింది.

తొండ కాదండి బాబూ!

ఆటు మొదలై నీళ్లు వెనక్కి తగ్గగానే బురదమీద ఏదో చిటుక్కున గెంతుతుంది. వేలెడంత ఒళ్లు, నెత్తిమీద రెండు ఉబ్బుకళ్లు. పాకుతుంది, ఆగుతుంది, మళ్లీ గెంతుతుంది. "నాన్నా, తొండ!" అని పిల్లలు అరిస్తే, "తొండ కాదండి బాబూ, చేపేనండి" అని పడవవాళ్లు నవ్వుతారు. దీని పేరు మడ్‌స్కిప్పర్. బురదలో గెంతే చేప.

మరి నేలమీద తిరిగేది చేపెలా అవుతుంది? మొప్పలు, వాజాలు, రెండే గదుల గుండె... చేప లక్షణాలన్నీ దీనికి ఉన్నాయి. కాకపోతే ముందు వాజాల్ని కర్రల్లా మోపి నడవడం నేర్చింది. నీళ్లలోంచి బయటికొచ్చేటప్పుడు మొప్పల గదుల్లో కాసిని నీళ్లు నింపుకొని వస్తుంది. తడిగా ఉన్నంతసేపూ చర్మంతోనూ, నోటి లోపలి పొరతోనూ గాలిని పీల్చుకోగలదు. అందుకే మధ్యమధ్యలో బురదలో ఓ పొర్లు పొర్లుతుంది. ఒళ్లు ఆరిందంటే ఊపిరి ఆగినట్టే మరి! వీటిలో కొన్ని జాతులు బొరియలో గుడ్లు పెట్టి, అక్కడికి నోటితో గాలి మోసుకెళ్లి నింపుతాయి.

చేపల్లోనూ అన్నీ ఒకటి కాదు. సొరకూ టేకుకూ ఒంట్లో ఎముక ఉండదు. వాటి అస్థిపంజరమంతా మృదులాస్థి, అంటే మన చెవి డొప్పలో ఉండే మెత్తటి పదార్థం. బొచ్చె, పండుగొప్ప లాంటివి ముళ్లున్న చేపలు. ఈ రెండో రకంలోనే గోదావరి జిల్లాల ముద్దుబిడ్డ పులస కూడా ఉంది. సముద్రంలో తిరిగే విలస వానాకాలంలో ఎర్రనీరు రాగానే గుడ్లు పెట్టడానికి నదిలోకి ఎదురీదుతుంది. నది నీళ్లు తాగాక దాని పేరు పులస. ఉప్పునీళ్లలో ఒంట్లోని నీరు బయటికి పోకుండా, మంచినీళ్లలో బయటి నీరు లోపలికి ఎక్కువగా రాకుండా చూసుకునే పనంతా దాని మొప్పలదీ, మూత్రపిండాలదీ. పుస్తెలు అమ్మి అయినా పులస తినాలన్న సామెత రుచి గురించి పుట్టింది గానీ, ఆ ప్రయాణమే అంతకంటే గొప్పది.

కప్పకు ఉప్పు పడదు

మడ అడవిలో ఎంత వెతికినా కప్ప కనిపించడం కష్టం. అది కావాలంటే రోడ్డు దాటి, ఇవతలి వరిచేల దగ్గరకు రావాలి. తొలకరి పడ్డ రాత్రి చెరువుగట్టున బెకబెకలు వినాలి. కూతవేటు దూరంలో ఇంత నీరుంటే అటెందుకు వెళ్లదు?

కారణం దాని చర్మం. కప్ప ఊపిరితిత్తులతోపాటు చర్మంతోనూ శ్వాసిస్తుంది. అందుకోసం చర్మం పల్చగా, తడిగా ఉండాలి. పొలుసులు ఉండవు. అలాంటి చర్మం ఉప్పునీళ్లలో పడితే ఒంట్లో నీరంతా బయటికి లాగేస్తుంది. ఊరగాయకు ఉప్పు కలిపితే ముక్కల్లోంచి ఊట దిగినట్టే! కప్ప గుడ్లకూ పెంకుండదు. జిగురులో మినపగింజలు వేసినట్టు నీళ్లలో తేలుతుంటాయి. వాటిలోంచి మొప్పలతో తోకకప్ప పుడుతుంది. కాళ్లొచ్చి, తోక కరిగి, ఊపిరితిత్తులు ఏర్పడ్డాక ఒడ్డెక్కుతుంది. బాల్యం చేపలా, పెద్దరికం నేలమీద. ఉభయచరం అన్న పేరు అందుకే. గుండెకు మూడు గదులు.

ఈ పల్చటి చర్మమే దాని పాలిట గండం కూడా. చేలో పురుగుమందు పడితే ముందుగా ఒంటికి పట్టేది కప్పకే. ప్రపంచం మొత్తంమీద సకశేరుకాల్లో అన్నిటికంటే ఎక్కువ ముప్పులో ఉన్న తెగ ఉభయచరాలదే. దాదాపు 40 శాతం జాతులు అంతరించే ప్రమాదంలో ఉన్నాయి.

తల్లి వదిలేసిన నూరు గుడ్లు

కోరింగ ఎదుట, సముద్రానికి అడ్డంగా పొడవాటి ఇసుక దిబ్బ ఒకటుంటుంది. అదే హోప్ ఐలాండ్. గోదావరి తెచ్చిన ఇసుకను కెరటాలు పేర్చి కట్టిన దీవి. కాకినాడ రేవుకు అలల దెబ్బ తగలకుండా కాసేది ఇదే. జనవరి నుంచి మార్చి దాకా చీకటి పడ్డాక ఈ ఇసుక మీద ట్రాక్టరు చక్రం నడిచినట్టు జాడలు పడతాయి. ఆలివ్ రిడ్లే తాబేళ్లవి.

తాబేలు సరీసృపం. పాము, బల్లి, మొసలి దాని చుట్టాలు. పొడి చర్మం, దానిమీద పొలుసులు, పుట్టినప్పటి నుంచీ ఊపిరితిత్తులు. అన్నిటికంటే ముఖ్యమైంది గుడ్డు. కప్ప గుడ్డులా నీళ్లలో ఉండక్కర్లేదు. లోపలే ఓ చిన్న నీటి సంచీ, ఆహారం, చుట్టూ తోలులాంటి పెంకు. చెరువునే మూటగట్టి పిల్లకు ఇచ్చినట్టు! ఈ గుడ్డు వల్లే వెన్నెముక ఉన్న జీవులు నీటిని వదిలి ఎడారుల దాకా వెళ్లగలిగాయి. తాబేలు మాత్రం మళ్లీ సముద్రానికి వెళ్లిపోయింది. కానీ గుడ్డు నీళ్లలో పెడితే లోపలి పిల్లకు గాలి ఆడదు. అందుకే తల్లి నలభై, యాభై కిలోల బరువును ఇసుక మీద ఈడ్చుకుంటూ వస్తుంది. వెనక కాళ్లతో గుంట తవ్వి, సుమారు వంద గుడ్లు పెట్టి, పూడ్చి వెళ్లిపోతుంది. ఇక వెనక్కి తిరిగి చూడదు. ఆ సమయంలో కళ్లవెంట నీళ్లు కారుతుంటే ఏడుస్తోందనుకుంటారు. అది ఒంట్లో ఎక్కువైన ఉప్పును కంటి దగ్గరి గ్రంథి బయటికి పంపడం మాత్రమే.

పుట్టేది ఆడో మగో తేల్చేది ఇసుక వేడి! ఇసుక చల్లగా ఉంటే మగపిల్లలు, వేడెక్కితే ఆడపిల్లలు ఎక్కువ. ఎండలు ముదిరిపోతే ఏమవుతుందన్నది శాస్త్రవేత్తల దిగులు. మరో దిగులు వలలది. తాబేలుకు మొప్పల్లేవు, ఊపిరికి పైకి రావాలి. ట్రాలర్ వలలో చిక్కితే సముద్రంలోనే పెరిగే ప్రాణి నీళ్లలో మునిగి చనిపోతుంది. చేపల సంతానం కోసం ఏటా ఏప్రిల్ 15 నుంచి 61 రోజులు తూర్పు తీరంలో మరపడవల వేట ఆపుతారు. కానీ తాబేళ్లు గుడ్లకు వచ్చేది అంతకు ముందే. అందుకే వలలకు తాబేలు తప్పించుకునే కంత అమర్చాలని అధికారులు పట్టుబడుతున్నారు. అటవీశాఖవాళ్లు గుడ్లను ఏరి, నక్కలకూ కుక్కలకూ అందకుండా కంచె కట్టిన ఇసుకలో పాతిపెట్టి, పిల్లలు బయటికొచ్చాక సముద్రంలోకి వదులుతారు.

ఈకలున్నదే పక్షి

శీతాకాలంలో కాకినాడ తీరపు బురదనేలల మీద ఉదయంపూట చూస్తే నేలే కదులుతున్నట్టుంటుంది. ఉత్తరాది మంచుదేశాల నుంచి వేల కిలోమీటర్లు ఎగిరొచ్చిన చిన్న చిన్న ఉల్లంకి పిట్టలు. అడవిలోపల లకుముకి పిట్టలు, తెల్లకొంగలు, నత్తగుల్ల కొంగలు, పైన చక్కర్లు కొట్టే గరుడపక్షి. వీటన్నిటిలో అరుదైన అతిథి ఇండియన్ స్కిమ్మర్. నారింజరంగు ముక్కులో కింది భాగం పైదానికంటే పొడుగు. నీటిపైన తక్కువ ఎత్తులో ఎగురుతూ, ఆ కింది ముక్కును నీళ్లలో నాగలిలా దింపి గీసుకుంటూ పోతుంది. చేప తగిలిందా, టక్కున నోరు మూస్తుంది. ప్రపంచంలో అంతరించే ముప్పున్న పక్షుల్లో ఇదొకటి.

ఎగిరేదల్లా పక్షి కాదు. గోదావరి ఊళ్లలో పెద్ద చెట్లకు తలకిందులుగా వేలాడే గబ్బిలం పిల్లకు పాలిస్తుంది కాబట్టి క్షీరదం. పక్షికి గుర్తు రెక్క కాదు, ఈక. ఈకలున్న ప్రాణి ఈరోజున భూమ్మీద మరోటి లేదు. బోలు ఎముకలు, పళ్లులేని ముక్కు, గట్టి పెంకు గుడ్డు, నాలుగు గదుల గుండె, ఎప్పుడూ ఒకేలా వెచ్చగా ఉండే ఒళ్లు... ఇవి మిగతా ఆనవాళ్లు. చేప, కప్ప, తాబేలు బయటి వేడిని బట్టి వేడెక్కి చల్లబడేవి. పక్షి తన వేడిని తానే పుట్టించుకుంటుంది.

ఇక్కడే పాఠ్యపుస్తకం గీసిన గీత కాస్త చెరిగిపోతుంది. పక్షులు డైనోసార్ల సంతతి అని ఇప్పుడు శాస్త్రవేత్తలందరూ ఒప్పుకుంటున్నారు. మొసలికి బల్లికంటే కొంగే దగ్గరి బంధువు! మొసలి గుండెకూ నాలుగు గదులే. అయిదు తరగతులు మన సౌకర్యం కోసం కట్టిన గదులు. లోపలి బంధుత్వాలు ఆ గోడలు దాటి ఉంటాయి.

నీటిలో పిల్లి, కడలిలో క్షీరదం

పిల్లికి నీళ్లంటే పడదంటారు. ఆ మాట బావురుపిల్లి దగ్గర చెల్లదు. మామూలు పిల్లికి రెట్టింపు ఉంటుంది. బూడిదరంగు ఒంటిమీద నల్లటి చుక్కలు. కాలి వేళ్ల మధ్య కొద్దిగా పొర, లోపల దట్టంగా ఒకటి, పైన గరుగ్గా మరోటి రెండు పొరల బొచ్చు. కాలువ ఒడ్డున కాపు వేసి, అదను చూసి నీళ్లలోకి దూకి చేపను పట్టేస్తుంది. కోరింగకు వన్యప్రాణి ప్రేమికులు పనిగట్టుకుని వచ్చేది దీనికోసమే. అయితే ఇది రాత్రి తిరిగే ప్రాణి. ఎక్కువమందికి దొరికేది బురదలో అడుగుల ముద్రలే. పగటిపూట అదృష్టం బాగుంటే గుంపుగా ఈదుతూ, చేపల్ని ఒకవైపు తరిమే నీటికుక్కలు కనిపిస్తాయి.

బొచ్చు, పాలు... క్షీరదానికి ఈ రెండే గీటురాళ్లు. అందుకే తీరం దాటి సముద్రంలో చేపలా దూకే డాల్ఫిన్ కూడా బావురుపిల్లి తెగే. డాల్ఫిన్ ఊపిరితిత్తులతో శ్వాసిస్తుంది, పిల్లల్ని కని పాలిస్తుందని రెండు వేల ఏళ్లకు ముందే గ్రీకు తత్వవేత్త అరిస్టాటిల్ రాశాడు. అయినా తిమింగలాల్నీ డాల్ఫిన్లనూ చేపల్లోంచి తీసి క్షీరదాల్లో కలపడానికి స్వీడన్ శాస్త్రవేత్త లినేయస్ 1758 దాకా ఆగాల్సొచ్చింది. దూరం నుంచి చూసినా తేడా పట్టెయ్యొచ్చు. చేప తోకను పక్కలకు ఆడిస్తుంది, డాల్ఫిన్ పైకీ కిందికీ. పరుగెత్తే కుక్క వెన్ను ఎలా వంగుతుందో అలాగన్నమాట. నేలమీద నడిచిన పూర్వీకుల గుర్తు ఇంకా దాని వెన్నులోనే ఉంది.

తెలుగు పేర్లు ప్రపంచమెక్కాయి

ఈ జంతువుల లెక్కలన్నీ పరదేశంలో జరిగినవే అనుకుంటే పొరపాటు. 1780ల్లో విశాఖపట్నంలో పనిచేసిన స్కాట్లండ్ వైద్యుడు పాట్రిక్ రస్సెల్, ఈ తీరంలో ఏ పాము విషమున్నదో, ఏది కాదో తేల్చాలని పూనుకున్నాడు. 1796లో పాముల మీద, 1803లో విశాఖ తీరపు రెండువందల చేపల మీద ఆయన బొమ్మల పుస్తకాలు వచ్చాయి. వాటిలో ఆయన స్థానికులు పిలిచే తెలుగు పేర్లనే రాసుకున్నాడు. రక్తపింజరిని 'కాటుక రేకుల పొడ' అన్నాడు. ఆ పాముకే తర్వాత ఆయన పేరు పెట్టారు. మనవాళ్లు కానాగంతలనే చేపకు ఈనాటికీ శాస్త్రీయ నామంలో 'కనగుర్త' అనే ఉంది. కట్లపాముల ప్రజాతి పేరు 'బంగారస్' కూడా మన 'బంగారం' నుంచి వెళ్లిందే. బెస్తవాళ్లూ పాములవాళ్లూ చెప్పిన మాటలు అలా ప్రపంచ శాస్త్రంలో కలిసిపోయాయి.

అడవికీ వెన్నెముక

కోరింగలో ఏ ప్రాణి కష్టం చూసినా ఓ సంగతి తెలుస్తుంది. దేన్ని బట్టి దానికి ఆ తెగ పేరొచ్చిందో, ముప్పు కూడా అక్కడి నుంచే వస్తోంది. కప్పకు చర్మం, తాబేలుకు ఊపిరీ గుడ్డూ. ఒంటి వెచ్చదనం కాపాడుకోవడానికి రోజూ కడుపునిండా తినక తప్పని బావురుపిల్లికి చేపలున్న కాలువలు. ఆ కాలువల పక్కన చెట్లు కొట్టి చేపలు, రొయ్యల చెరువులు తవ్వేసరికి పిల్లి చెరువులకు వస్తుంది. రైతుకూ దానికీ గొడవ అక్కడ మొదలవుతుంది. చిరుతపిల్ల అనుకుని భయపడేవాళ్లూ ఉంటారు. నిజానికి అది మనుషుల జోలికి రాదు.

మడచెట్లు పోతే నష్టం వీటికే కాదు. 1996 నవంబరు తుపాను రాత్రిని కోనసీమ వాళ్లు ఇంకా మరిచిపోలేదు. సముద్రం పొంగినప్పుడు ఆ విసురును కొంతైనా తగ్గించేవి ఈ చెట్లే. తీరంలో జాలర్ల వలకు చిక్కే రొయ్యలూ, చేపలూ చిన్నప్పుడు తలదాచుకునేది వీటి వేళ్ల మధ్యే.

అందుకే 1990ల చివర్లో ఎం.ఎస్.స్వామినాథన్ పరిశోధనా సంస్థ, అటవీశాఖ, ఊళ్లలోని కమిటీలు కలిసి గోదావరి డెల్టాలో ఎండిపోయిన మడనేలల్ని బతికించే పని మొదలుపెట్టాయి. పోటునీరు అందక ఉప్పు పేరుకుపోయిన నేలలో మొక్క బతకదు. దానికి వాళ్లు చేసిన ఉపాయం... మధ్యలో ఓ పెద్ద కాలువ, దానికి రెండువైపులా ఏటవాలుగా చిన్న కాలువలు. పోటునీరు వాటిలోంచి వచ్చిపోతూ ఉప్పును కడిగేస్తుంటే, గట్ల వెంబడి మడమొక్కలు నాటారు. పైనుంచి చూస్తే ఆ కాలువల వరస అచ్చం చేపముల్లులా ఉంటుంది. వెన్నెముక, దాని పక్కటెముకలూ!

ఎలా వెళ్లాలి?

చెన్నై-హౌరా ప్రధాన మార్గంలో సామర్లకోటలో దిగితే కాకినాడ దగ్గరే. హైదరాబాద్ నుంచి కాకినాడకు నేరుగా రైళ్లూ బస్సులూ ఉన్నాయి. కాకినాడ నుంచి యానాం వెళ్లే బస్సులూ, ఆటోలూ అడవి ముందునుంచే వెళ్తాయి. నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు వెళ్తే వలసపక్షులు కనిపిస్తాయి. బురదలో గెంతే చేపల్ని చూడాలంటే ఆటు సమయం కనుక్కుని వెళ్లాలి. పోటుమీదుంటే బురద మునిగిపోతుంది. చెక్క వంతెన మీద గట్టిగా అరవకుండా నడిస్తే ఎక్కువ ప్రాణులు కనిపిస్తాయి. ప్లాస్టిక్ సంచులు తీసుకెళ్లకపోవడం మంచిది. కొన్ని సముద్ర తాబేళ్లు వాటిని జెల్లీఫిష్ అనుకుని మింగేస్తాయి. పిల్లల్ని తీసుకెళ్లేవాళ్లు ఓ చిన్న నోటుపుస్తకం ఇవ్వండి. కనిపించిన ప్రతి ప్రాణి పక్కనా ఈకా, బొచ్చా, పొలుసా, తడిచర్మమా అని రాయమనండి. ఇంటికొచ్చేసరికి అయిదు తరగతుల పాఠం వాళ్లే చెబుతారు.